సీలియాక్ వ్యాధి: గోధుమ ముక్కను చూసి పేగు తనను తానే ఎందుకు కూల్చుకుంటుంది?

గోధుమలో ఉండే ఆల్ఫా గ్లయాడిన్ అనే ప్రొటీన్‌ను జఠరరసంతో, క్లోమరసంతో ఎంతసేపు అరగదీసినా ఒక ముక్క మొండిగా మిగిలిపోతుంది. దాని పొడవు 33 అమైనో ఆమ్లాలు. అందులో 13 ప్రోలీన్లు, 10 గ్లూటమీన్లు. 2002లో ఈ ముక్క సంగతి బయటపడినప్పటి నుంచి పరిశోధకులు దాన్ని ‘33-మెర్’ అంటున్నారు. గోధుమ తిన్న అందరి పేగుల్లోనూ ఇలాంటి ముక్కలు మిగులుతాయి. నూటికి 99 మందికి వాటివల్ల ఏమీ కాదు. మిగిలిన ఒక్కరిలో చిన్నపేగు లోపలి పొర క్రమంగా చదునైపోతుంది. ముక్క అందరిలోనూ ఒకటే. దాన్ని రోగనిరోధక కణాలకు చూపించే తీరులో తేడా ఉంది.

సీలియాక్ గురించిన గందరగోళంలో చాలా భాగం దాన్ని వేరే జబ్బులతో కలిపేయడం వల్ల వచ్చేదే. గోధుమ అలర్జీలో ఐజీఈ యాంటీబాడీలు పనిచేస్తాయి. తిన్న కొద్ది నిమిషాలకో గంటకో దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తాయి. పాలలోని లాక్టోజ్ పడకపోవడం ఎంజైమ్ కొరత. సీలియాక్ ఈ రెండింటిలో దేనికీ చెందదు. ఒకప్పుడు పరిశోధకులు కూడా ప్రొటీన్ ముక్కలను కోసే పెప్టైడేజ్ ఎంజైమ్ ఏదో తక్కువై గ్లూటెన్ అరగడం లేదని అనుకున్నారు, ఆ ఊహ నిలవలేదు. ఇది ఆటోఇమ్యూన్ వ్యాధి, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు. అయితే మిగతా ఆటోఇమ్యూన్ వ్యాధుల్లో లేని సౌలభ్యం ఒకటి ఇందులో ఉంది: మంట రాజేసేదేమిటో మనకు తెలుసు, దాన్ని ఆపితే మంట తగ్గుతుంది. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న లంకెను పద్ధతిగా నిరూపించినవాడు డచ్ పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె. 1950లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఆ పని చేసింది. రోగనిరోధక వ్యవస్థ పాత్ర తేలడానికి మాత్రం ఇంకా దశాబ్దాలు పట్టింది.

కొరకరాని కొయ్య

గ్లూటెన్ అనేది ఒక్క ప్రొటీన్ పేరు కాదు. మొలకెత్తేటప్పుడు వాడుకోవడానికి గోధుమ గింజ దాచుకునే నిల్వ ప్రొటీన్ల గుంపు అది. ఆల్కహాల్‌లో కరిగేవి గ్లయాడిన్లు, కరగనివి గ్లూటెనిన్లు. బార్లీలో వీటి దాయాదులు హోర్డీన్లు, రై ధాన్యంలో సెకలిన్లు. వీటన్నింటిలోనూ ప్రోలీన్, గ్లూటమీన్ మెండుగా ఉంటాయి.

అమైనో ఆమ్లాల్లో ప్రోలీన్ వింతది. దాని పక్క గొలుసు వెనక్కి తిరిగి ప్రొటీన్ వెన్నెముకకే అతుక్కుని ఉంగరం కడుతుంది. దాంతో ప్రోలీన్ ఉన్నచోట గొలుసు బిర్రబిగిసి ఉంటుంది. పెప్సిన్, ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ దాని పక్కన కోత పెట్టలేవు. మామూలు ప్రొటీన్ ఏదైనా చిన్నపేగు గోడ చేరేసరికి ఒకటి, రెండు, మూడు అమైనో ఆమ్లాల తునకలుగా విడిపోతుంది. ఆ సైజు తునకల జోలికి రోగనిరోధక వ్యవస్థ రాదు. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణం ఒకటి గుర్తుపట్టాలంటే ముక్కలో కనీసం 9 అమైనో ఆమ్లాలు వరసగా ఉండాలి. గ్లూటెన్ ఆ గీత దాటిన ముక్కలను బోలెడు మిగులుస్తుంది.

ఈ ముక్కలు పేగు పైపొర దాటి, దాని కిందున్న లామినా ప్రొప్రియా అనే పొరలోకి చేరితేనే కథ మొదలవుతుంది. అందుకు దారులు ఒకటికి మించి ఉన్నాయి. పైపొర కణాల మధ్య బిగింపులు సడలితే సందుల్లోంచి జారతాయి. గ్లయాడిన్ ప్రభావంతో విడుదలయ్యే జోన్యులిన్ అనే ప్రొటీన్ ఈ సడలింపులో పాల్గొంటుంది. పేగు కుహరంలో ఉన్న ఐజీఏ యాంటీబాడీతో జతకట్టి, సీడీ71 అనే గ్రాహకాన్ని పట్టుకుని కణం గుండానే లోపలికి వచ్చే దారి ఇంకొకటి. ఆరోగ్యంగా ఉన్నవారిలో సీడీ71 కణం అడుగు వైపున ఉంటుంది. చురుకైన సీలియాక్‌లో అది పై వైపుకూ వస్తుంది కాబట్టి ఈ అడ్డదారి తెరుచుకుంటుంది.

‘లీకీ గట్’ అంటూ ఇప్పుడు ప్రతి జబ్బునూ పేగు కారడానికి అంటగడుతున్నారు. సీలియాక్‌లో ఆ కారడం నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం మంట రాజుకున్న తర్వాత వచ్చే ఫలితం. బిగింపులను గట్టిపరిచే లారజోటైడ్ అనే మందు మీద పెట్టుకున్న ఆశ 2022లో మూడో దశ ట్రయల్ మధ్యలోనే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణమై ఉండాలి. సందులు పూడ్చినా మిగతా దారులు తెరిచే ఉంటాయి కదా.

ఇంట్లో ఉన్న ఎంజైమే

లామినా ప్రొప్రియాలో టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దీన్ని టీజీ2 అని కూడా అంటారు. రక్త పరీక్ష చీటీలో ‘టీటీజీ’ అని కనపడేది దీని పేరే. దీని అసలు ఉద్యోగం మరమ్మతు: ఒక ప్రొటీన్‌లోని గ్లూటమీన్‌ను మరో ప్రొటీన్‌లోని లైసీన్‌కు కట్టేసి గాయం దగ్గర కణజాలాన్ని బిగిస్తుంది. కణం బయట మామూలుగా నిద్రలో ఉంటుంది. గాయం, మంట తగిలితే లేస్తుంది. దగ్గర్లో లైసీన్ దొరకనప్పుడు గ్లూటమీన్‌ను నీటితోనే సరిపెట్టేసి గ్లూటమిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. రసాయనికంగా ఇది చాలా చిన్న మార్పు, బరువులో తేడా ఒక డాల్టన్‌కు కాస్త తక్కువ. విద్యుదావేశంలో మాత్రం తేడా పెద్దది. గ్లూటమీన్‌కు ఆవేశం లేదు, గ్లూటమిక్ ఆమ్లానికి ఋణావేశం ఉంది.

టీజీ2 కనపడ్డ ప్రతి గ్లూటమీన్‌నూ ముట్టదు. గ్లూటమీన్, తర్వాత ఏదో ఒక అమైనో ఆమ్లం, ఆ తర్వాత ప్రోలీన్ — ఈ వరస ఉంటే దానికి బాగా నచ్చుతుంది. 33-మెర్ లోపల ఉన్న ఒక 9 ఆమ్లాల భాగాన్ని విప్పి చూస్తే ఇది అర్థమవుతుంది: ప్రోలీన్, ఫీనైల్‌అలనీన్, ప్రోలీన్, గ్లూటమీన్, ప్రోలీన్, గ్లూటమీన్, ల్యూసీన్, ప్రోలీన్, టైరోసీన్. గ్లూటమీన్లు రెండున్నాయి, నాలుగో చోట, ఆరో చోట. నాలుగోదాని పక్కనే ప్రోలీన్ ఉంది, దాని తర్వాత మళ్లీ గ్లూటమీన్. వరస కుదరలేదు, ఎంజైమ్ దాన్ని వదిలేస్తుంది. ఆరోదాని తర్వాత ల్యూసీన్, ఆ వెంటనే ప్రోలీన్. సరిగ్గా కుదిరింది. ఆరో చోట గ్లూటమిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటుంది, దాంతోపాటే ఒక ఋణావేశం. ఇలాంటి గుర్తింపు భాగాలు 33-మెర్‌లో మూడు రకాలవి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, మొత్తం ఆరు ఉన్నాయి. అందుకే అంత చిన్న ముక్క అంత గోల చేస్తుంది.

ఆ ఋణావేశాన్ని పట్టే పీట

శరీరంలో కొన్ని కణాలు తమకు దొరికిన ప్రొటీన్ ముక్కలను ఉపరితలం మీద పెట్టి టీ కణాలకు చూపిస్తుంటాయి. ముక్కను పెట్టి చూపించే పీట పేరు హెచ్‌ఎల్‌ఏ. పీట ఆకారం మనిషి మనిషికీ మారుతుంది, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. సీలియాక్ రోగుల్లో దాదాపు 90 శాతం మందికి హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2.5 అనే రకం ఉంటుంది. మిగతావారిలో అధికులకు డీక్యూ8, కొద్దిమందికి డీక్యూ2.2.

డీక్యూ2.5 పీటలో ముక్క కూర్చునే గాడి ఉంటుంది. అందులో బీటా గొలుసు 71వ స్థానంలో లైసీన్ ఉంటుంది. లైసీన్‌ది ధనావేశం. దాని చుట్టుపక్కల ఉన్న నాలుగు, ఆరు, ఏడు నంబర్ల గుంటలు ఋణావేశమున్న అమైనో ఆమ్లాలను ఇష్టపడతాయి. ఇందాకటి భాగంలో ఆరో చోట వచ్చిన గ్లూటమిక్ ఆమ్లం ఆరో గుంటలో దిగబడుతుంది. 33-మెర్‌లోనే ఉన్న ఇంకో రకం గుర్తింపు భాగం రెండు ఆమ్లాల తర్వాత నుంచి మొదలవుతుంది కాబట్టి అదే గ్లూటమిక్ ఆమ్లం నాలుగో గుంటలో కూర్చుంటుంది. మార్పు జరగని గ్లూటమీన్ కూడా అక్కడ ఎలాగోలా కూర్చోగలదు కానీ పట్టు ఉండదు, త్వరగా జారిపోతుంది. పట్టు గట్టిదైతే ముక్క పీట మీద ఎక్కువసేపు నిలుస్తుంది, అంత ఎక్కువమంది టీ కణాలకు కనపడుతుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ డీక్యూ2.5 వచ్చినవారికి పీటలు ఎక్కువ, ముప్పూ ఎక్కువ.

హెచ్‌ఎల్‌ఏ పరీక్షను ఎలా చదవాలో ఇక్కడి నుంచే తెలుస్తుంది. యూరప్ మూలాలున్న జనాభాలో 30 నుంచి 40 శాతం మందికి ఈ రకాలు ఉంటాయి, జబ్బు వచ్చేది ఒక్క శాతానికి. కాబట్టి పాజిటివ్ వస్తే చెప్పుకోదగ్గదేమీ తేలలేదు. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని వస్తే మాత్రం సీలియాక్‌ను దాదాపుగా కొట్టేయొచ్చు, ఎందుకంటే పీట లేనిదే ముక్కను చూపించే దారి లేదు. డబ్బు పెట్టి ఈ పరీక్ష చేయించుకుని, ‘జీన్ పాజిటివ్’ అన్న కాగితం చూసి జీవితాంతం గోధుమ మానేసినవారిది అనవసరపు శిక్ష.

హుకుం జారీ అయ్యాక

పీట మీద ముక్కను గుర్తుపట్టిన సీడీ4 టీ కణం స్వయంగా ఎవరినీ చంపదు. హుకుం జారీ చేస్తుంది. ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-21 వంటి సంకేత రసాయనాలు దాని ఆజ్ఞాపత్రాలు. ఇంటర్‌ఫెరాన్ గామా చుట్టుపక్కల కణాల మీద హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ పీటల సంఖ్యను పెంచుతుంది, టీజీ2 ఉత్పత్తినీ పెంచుతుంది. అంటే మంట తన కట్టెలు తానే కొట్టుకుంటుంది. ఎక్కువ టీజీ2, ఎక్కువ మార్చిన ముక్కలు, ఎక్కువ పీటలు, ఎక్కువ టీ కణాలు, మళ్లీ ఎక్కువ ఇంటర్‌ఫెరాన్.

ఏళ్ల తరబడి గ్లూటెన్ మానేసిన రోగి పొరపాటున బాగా తింటే రెండు నుంచి నాలుగు గంటల్లో రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-2 పెరుగుతుంది, వికారం, వాంతులు అదే సమయానికి వస్తాయి. ఐజీఈ అలర్జీలో ఇంతసేపు ఆగదు. కలుషిత ఆహారం తిన్నప్పుడు కూడా దాదాపు ఇదే వేళకు వాంతులు రావచ్చు కాబట్టి చాలామంది దాన్ని ఫుడ్ పాయిజనింగ్ అనుకుంటారు. ఇక్కడ పనిచేస్తున్నది జ్ఞాపకమున్న టీ కణాలు. అవి దశాబ్దాలు బతికి ఉంటాయి. ‘పదేళ్లయింది, ఇప్పుడు తగ్గిపోయి ఉంటుంది’ అన్న లెక్క కుదరకపోవడానికి కారణం ఇదే. పథ్యం ఆ కణాలకు ముక్క కనపడకుండా చేస్తుంది, వాటిని తీసేయదు.

బీ కణం చేసే పొరపాటు

మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఈ భాగం. 1997లో సీలియాక్ రోగుల యాంటీబాడీలు అసలు దేన్ని పట్టుకుంటున్నాయో తేలింది: టీజీ2. అంతకుముందు ఎండోమైసియల్ యాంటీబాడీ అని పరీక్షించేది కూడా దీన్నే. గోధుమ ప్రొటీన్ మీద టీ కణాలు తిరగబడితే, సొంత ఎంజైమ్ మీద యాంటీబాడీలు ఎందుకు పుట్టాయి? టీజీ2ను గుర్తుపట్టే టీ కణాలు రోగుల్లో దొరకలేదు. టీ కణం అనుమతి లేకుండా బీ కణం ఇంత గట్టిగా యాంటీబాడీలు తయారుచేయడం మామూలుగా జరగదు.

చిక్కుముడి విప్పిన ఆలోచన ఇది. టీజీ2 గ్లయాడిన్ ముక్క మీద పనిచేసేటప్పుడు కొన్నిసార్లు దానికే అతుక్కుపోతుంది. టీజీ2ను గుర్తుపట్టే బీ కణం ఒకటి ఆ ఎంజైమ్‌ను పట్టుకుని మింగుతుంది, దాంతోపాటు అతుక్కున్న గ్లయాడిన్ కూడా లోపలికి పోతుంది. లోపల రెండూ తునకలవుతాయి. బీ కణం తన హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ మీద గ్లయాడిన్ తునకను పెట్టి చూపిస్తుంది. దాన్ని చూసిన గ్లూటెన్ టీ కణం ‘ఇది నా మనిషే’ అనుకుని అనుమతి ఇచ్చేస్తుంది. అనుమతి వచ్చింది గ్లూటెన్ పేరున, తయారయ్యే యాంటీబాడీ టీజీ2 మీద. వేరేవాడి చీటీ చూపించి రేషన్ తీసుకున్నట్టు.

గ్లూటెన్ ఆపితే టీజీ2 యాంటీబాడీలు నెలల్లో తగ్గుతాయి. మిగతా ఆటోఇమ్యూన్ జబ్బుల్లో సొంత ప్రొటీన్ మీద పుట్టిన యాంటీబాడీ ఇలా మాయం కాదు. ఇక్కడ అతుక్కునే గ్లయాడిన్ లేకపోతే అనుమతి ఆగిపోతుంది. ఈ యాంటీబాడీలే పేగును కూలుస్తాయని గట్టి ఆధారం లేదు; ఆ బీ కణాలు ముక్కను టీ కణాలకు చూపించే ముఖ్యమైన వేదికగా పనిచేసి మంటను ఎగదోస్తాయన్నది ఎక్కువ బలమున్న మాట. చర్మం మీద దురదతో నీటి పొక్కులు వచ్చే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్‌లో దీని తోబుట్టువైన టీజీ3 మీద, నడక తూలే గ్లూటెన్ అటాక్సియాలో టీజీ6 మీద యాంటీబాడీలు కనపడతాయి.

కూల్చే చేతులు ఎవరివి

సీడీ4 కణాలు కింది పొరలో ఉంటే, చంపే పని పైపొరలో జరుగుతుంది. పైపొర కణాల మధ్యనే కాపలాగా కొన్ని లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఇరుక్కుని ఉంటాయి. ప్రతి 100 పైపొర కణాలకు ఇవి 25 దాకా ఉండడం మామూలు. వీటిలో ఎక్కువ సీడీ8 టీ కణాలు. సీలియాక్‌లో పైపొర కణాలు ఒత్తిడికి లోనై ఇంటర్‌ల్యూకిన్-15ను వెదజల్లుతాయి, తమ ఒంటి మీద ఎంఐసీఏ అనే ‘నేను చిక్కుల్లో ఉన్నాను’ గుర్తును ప్రదర్శిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-15 తగిలిన కాపలా కణాలు ఎన్‌కేజీ2డీ అనే గ్రాహకంతో ఆ గుర్తును పట్టుకుని పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లతో కణాన్ని చంపేస్తాయి. వాటికి ఇప్పుడు గ్లూటెన్ కనపడనక్కర్లేదు. ఒత్తిడి గుర్తు కనపడితే చాలు.

ఈ రెండు చేతులూ కలిస్తేనే పేగు కూలుతుందని 2020లో ఎలుకల మీద చేసిన ప్రయోగం బాగా చూపించింది. మనిషి డీక్యూ8 పీట, అవసరానికి మించిన ఇంటర్‌ల్యూకిన్-15, మేతలో గ్లూటెన్, మూడూ ఉన్న ఎలుకలకే పేగు లోపలి గోడ మీది చూషకాలు కూలాయి. యాంటీబాడీలు పాజిటివ్‌గా ఉండి బయాప్సీలో పేగు బాగానే కనపడేవారిని ‘పొటెన్షియల్ సీలియాక్’ అంటారు. వారిలో సీడీ4 చేయి లేచింది, పైపొర చేయి ఇంకా పూర్తిగా లేవలేదు.

కూలడమంటే సరిగ్గా ఏమవుతుంది? చిన్నపేగు లోపలి గోడ మీద వేళ్లలాంటి చూషకాలు ఉంటాయి, వాటి మొదట్లో క్రిప్టులనే గుంటలు. కొత్త కణాలు గుంటల్లో పుట్టి మూడు నుంచి ఐదు రోజుల్లో చూషకం కొన దాకా ఎక్కి రాలిపోతాయి. కొనల దగ్గర కణాలు ముందే చచ్చిపోతుంటే గుంటలు గాబరాగా ఉత్పత్తి పెంచి లోతవుతాయి. చూషకం ఎత్తు, గుంట లోతుల నిష్పత్తి మామూలుగా 3:1 ఉంటే, అది తలకిందులవుతుంది. ఇనుము ప్రధానంగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో, దెబ్బ ముందు తగిలేదీ అక్కడే. విరేచనాలు, పొట్ట ఉబ్బరం లేకుండా, ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత ఒక్కటే కనపడే రోగులు ఎంతోమంది. లాక్టేజ్ ఎంజైమ్ చూషకాల కొనల్లో ఉంటుంది కాబట్టి కొత్తగా జబ్బు తేలినవారికి కొన్నాళ్లు పాలు పడకపోవచ్చు, పేగు మానాక మళ్లీ పడతాయి.

మొదటి నిప్పురవ్వ

పీట ఉన్నవారిలో కొద్దిమందికే జబ్బు ఎందుకు? ఒకేలాంటి కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం సుమారు 75 శాతం, నూటికి నూరు కాదు. హెచ్‌ఎల్‌ఏ కాకుండా 40కి పైగా జన్యు ప్రాంతాలకు చిన్నచిన్న వాటాలున్నాయి. 2017లో ఎలుకల్లో, మామూలుగా ఏ హానీ చేయని రియోవైరస్ సోకినప్పుడే ఆహార ప్రొటీన్ మీద ఉండే సహనం చెడిపోవడం చూశారు. పిల్లలకు గ్లూటెన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్న దానిపై 2014లో రెండు ట్రయళ్లు వెలువడ్డాయి. 4 నుంచి 6 నెలల మధ్య కొద్దికొద్దిగా అలవాటు చేసినా ఫలితం లేదు. 12 నెలల దాకా ఆపితే జబ్బు ఆలస్యమైంది, తప్పలేదు.

పరీక్షలు ఎక్కడ తప్పుతాయి

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు, పరీక్షకు ముందే గోధుమ మానేయడం. గ్లూటెన్ లేకపోతే బీ కణానికి అనుమతి ఆగుతుంది, యాంటీబాడీ పడిపోతుంది, చూషకాలు కోలుకుంటాయి. రక్త పరీక్ష, బయాప్సీ రెండూ నెగటివ్ వస్తాయి, జబ్బు అలాగే ఉంటుంది. ముందే మానేసినవారు డాక్టరు పర్యవేక్షణలో మళ్లీ గ్లూటెన్ తిని పరీక్షకు రావాలి: రోజుకు 3 గ్రాములకు తగ్గకుండా కనీసం 2 వారాలు, తట్టుకోగలిగితే 8 వారాల దాకా. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది కాబట్టి రోజుకు రెండు ముక్కలు చాలు.

మొదట చేయించాల్సింది టీటీజీ ఐజీఏ, దాంతోపాటే మొత్తం ఐజీఏ స్థాయి. సీలియాక్ రోగుల్లో 2 నుంచి 3 శాతం మందికి పుట్టుకతోనే ఐజీఏ ఉండదు. వారిలో టీటీజీ ఐజీఏ సున్నా వస్తుంది, అది చూసి జబ్బు లేదనుకుంటే మోసపోయినట్టే. అలాంటివారికి ఐజీజీ రకం పరీక్షలు చేయాలి, ముఖ్యంగా ఎంజైమ్ మార్చిన గ్లయాడిన్ మీద పుట్టే డీజీపీ ఐజీజీ. సైన్యం లేనిచోట గస్తీ లెక్క అడిగితే లాభం లేదు.

పిల్లల్లో టీటీజీ ఐజీఏ ల్యాబ్ గరిష్ఠ పరిమితికి 10 రెట్లు దాటి, విడిగా తీసిన రెండో రక్త నమూనాలో ఎండోమైసియల్ యాంటీబాడీ కూడా పాజిటివ్ అయితే బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చని 2020 నాటి యూరప్ పిల్లల వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దల్లో ఇప్పటికీ చాలాచోట్ల బయాప్సీ అడుగుతారు. ఆంత్రమూలం కింది భాగం నుంచి కనీసం 4 ముక్కలు, మొదట్లో ఉన్న బల్బు భాగం నుంచి ఒకటో రెండో తీయాలి. దెబ్బ అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు తీసి సరిపెడితే దొరక్కపోవచ్చు. ఫోర్సెప్స్ లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఒక్క ముక్కే తీయడం మేలు. ముక్క ఏటవాలుగా కోతకు వస్తే మంచి చూషకాలు కూడా పొట్టిగా కనపడతాయి.

రిపోర్టులో ‘మార్ష్ 1’ అని ఉంటే పైపొర లింఫోసైట్లు పెరిగాయని, 2 అంటే గుంటలు కూడా లోతయ్యాయని, 3 అంటే చూషకాలు కుదించుకుపోయాయని. 3లో ఎ, బి, సి తీవ్రతను చెబుతాయి. ఒక్క మార్ష్ 1 చూసి సీలియాక్ అనేయకూడదు. హెలికోబాక్టర్ పైలోరి, నొప్పి మాత్రలు కూడా లింఫోసైట్లను పెంచుతాయి. రక్తపోటు మందు ఓల్మెసార్టన్ ఏకంగా చూషకాలనే కుదించగలదు, యాంటీబాడీలు మాత్రం ఉండవు.

మిల్లీగ్రాముల లెక్క

రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోపలికి పోతే చూషకాలు దెబ్బతినడం ట్రయల్‌లో కనపడింది. 10 మిల్లీగ్రాముల లోపు అయితే చాలామందికి హాని కనపడలేదు. ఒక బ్రెడ్ ముక్కలో 2 గ్రాములనుకుంటే 10 మిల్లీగ్రాములంటే అందులో 200వ వంతు, అంటే చిటికెడు పొడి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం ‘గ్లూటెన్ ఫ్రీ’ అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ గరిష్ఠ స్థాయిలో ఉన్న ఆహారం రోజుకు అర కిలో తిన్నా 10 మిల్లీగ్రాములే చేరుతుంది. ఈ అంకెను ఎంచుకోవడం వెనకున్న తర్కం అది.

తెలిసి తినడం కన్నా తెలియక చేరేదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బార్లీ నుంచి వచ్చే మాల్ట్, గోధుమతో పులియబెట్టే సోయా సాస్, చిక్కదనం కోసం కలిపే పిండి, గోధుమ పిండి వాడిన జల్లెడ, ఒకే నూనెలో వేయించడం, గాలిలో లేచిన పిండి పళ్లెంలో పడడం. పులియబెట్టిన బ్రెడ్‌లో గ్లూటెన్ పోతుందన్న మాట నమ్మదగ్గది కాదు. బీరులాంటి పులిసిన పదార్థాలను కొలిచేటప్పుడు ఇంకో మెలిక ఉంది: మామూలు శాండ్‌విచ్ ఎలిసా పరీక్షకు ప్రొటీన్ మీద యాంటీబాడీ పట్టుకునే రెండు చోట్లు కావాలి. పులిసినప్పుడు ప్రొటీన్ చిన్న ముక్కలై ఒక్క చోటే మిగులుతుంది, యంత్రం తక్కువ చూపిస్తుంది, టీ కణానికి మాత్రం ఆ ముక్క చాలు. ఓట్స్‌లోని ఎవెనిన్‌ను ఎక్కువమంది తట్టుకుంటారు, కొద్దిమంది టీ కణాలు దానికీ లేస్తాయి. పొలంలో, మిల్లులో గోధుమ కలవని ఓట్స్ అయితేనే ప్రయత్నించాలి.

యాంటీబాడీ 6 నుంచి 12 నెలల్లో బాగా తగ్గాలి. అది మామూలైనంత మాత్రాన పేగు మానిందని కాదు. పెద్దల్లో రెండేళ్లు దాటినా చూషకాలు పూర్తిగా రానివారు చాలామంది. 12 నెలల కఠిన పథ్యం తర్వాత కూడా లక్షణాలు, కుదించిన చూషకాలు ఉంటే ‘రిఫ్రాక్టరీ’ (పథ్యానికి లొంగని సీలియాక్) అనే ముందు దొంగచాటు గ్లూటెన్‌ను గట్టిగా వెతకాలి. చాలాసార్లు అదే దొరుకుతుంది. నిజమైన రెండో రకం రిఫ్రాక్టరీలో కాపలా లింఫోసైట్లు తమ సీడీ3, సీడీ8 గుర్తులను ఉపరితలం మీద పోగొట్టుకుని, ఇంటర్‌ల్యూకిన్-15 ఆసరాతో గ్లూటెన్‌తో నిమిత్తం లేకుండా బతుకుతాయి. అక్కడి నుంచి లింఫోమా, అంటే లింఫోసైట్ల క్యాన్సర్, దూరం కాదు.

మందుల వేటంతా ఈ గొలుసులో ఏ కొక్కెం తెంపాలన్న దాని మీదే నడుస్తోంది. టీ కణాలను మచ్చిక చేసుకోవాలని తయారుచేసిన నెక్స్‌వాక్స్2 టీకా 2019లో ఆగిపోయింది. ఇంటర్‌ల్యూకిన్-15ను అడ్డుకునే యాంటీబాడీలు ట్రయళ్ల దశలో ఉండిపోయాయి. టీజీ2ను నొక్కిపట్టే జెడ్‌ఈడీ1227 ఫలితాలు 2021లో వచ్చాయి. పథ్యంలో ఉన్న రోగులకు 6 వారాలు రోజుకు 3 గ్రాముల గ్లూటెన్ పెట్టి, పక్కన 10, 50, లేదా 100 మిల్లీగ్రాముల మందు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి చూషకాలు కుదించుకుపోతే, మందు వేసుకున్నవారివి చాలావరకు నిలిచాయి. ఈ మందు ఎప్పటికైనా బజారులోకి వస్తే అది పొరపాటున లోపలికి చేరే మిల్లీగ్రాములకు అడ్డుగోడ కావచ్చు, బ్రెడ్ ముక్కకు అనుమతి పత్రం మాత్రం కాదు.